పది దినాల దూరం

మగ్గం మీద నాడె కుడి నుంచి ఎడమకు పోయి, తిరిగి రాకముందే గుమ్మంలో టపా జవాను పిలిచాడు.

స్వామివారి కల్యాణ మధుపర్కాలు మగ్గం మీద ఉన్నన్ని రోజులూ నేతలో కూర్చున్నవాడు మాట్లాడకూడదు. తెల్లవారకముందే తలస్నానం, వంటి మీద తడిబట్ట, ఒంటిపూట తిండి. అందుకని వెంకటేశం తలెత్తి చూశాడే గానీ పలకలేదు. పద్మమ్మ రాట్నం దగ్గర నుంచి లేచి, కండెల గంప పక్కకు జరిపి, వెళ్ళి ఉత్తరం అందుకుంది. ఆమెకు చదువు రాదు. కవరు మూల అంటించిన నీలం చీటీ మీద విమానం బొమ్మ ఉంది. దాన్ని వేలితో తడిమి చూసి, భర్త కళ్ళకు ఎదురుగా పట్టుకుంది.

అది రంగూన్ నుంచి, వాడవాళ్ళు రంగం అనే ఊరి నుంచి వచ్చింది. వెంకటేశం మగ్గం మీదికి వంగి, చేతులు తగలకుండా, భార్య విప్పి పట్టుకున్న కాగితాన్ని మెల్లగా చదివాడు. రాసింది మంగయ్యతో ఒకే గదిలో ఉండే మనిషి. మంగయ్య పోయిన శనివారం జ్వరంతో కాలం చేశాడు. దహనం తెలుగువాళ్ళమే నలుగురం కలిసి చేశాం. తొందరగా అందుతుందని విమానం టపాలో వేస్తున్నాను.

ఆ రోజు శుక్రవారం.

వెంకటేశం మగ్గం గుంటలో నుంచి ఒక కాలు పైకి తీశాడు, తరవాత రెండో కాలు. పదిహేను రోజులుగా మగ్గం దగ్గర మూసుకుని ఉన్న నోరు అప్పుడు తెరుచుకుంది.

"మంగయ్యన్న పోయిండు," అన్నాడు.

పద్మమ్మ ముందు మనిషి కోసం కళ్ళు తుడుచుకుంది. తరవాత మగ్గం వైపు చూసింది. మంగయ్య వెంకటేశానికి చిన్నాయన కొడుకు, ఒక్క ఇంటిపేరువాడు. సూర్యాపేటలోని ఆ నేతవాడలో ఏ పాలివాడు పోయినా కబురు విన్ననాటి నుంచి పది దినాల మైల. మైలలో మామూలు మగ్గమే ముట్టరు, ఇక స్వామి మగ్గం సంగతి చెప్పేదేముంది? కల్యాణం పన్నెండు దినాల్లో ఉంది. ఇంకా ఆరు దినాల నేత మిగిలి ఉంది. వైశాఖం ఎండకు గంజి పెట్టిన పడుగు నాలుగు రోజులు వదిలేస్తే పెళుసెక్కి పోగులు పుటుక్కున తెగుతాయి.

"ముట్టకు," అన్నాడు వెంకటేశం, ఆమె పడుగు మీద కప్పే తడిగుడ్డ అందుకోబోతుంటే.

"ముడ్తలేను. సూస్తున్న," అంది పద్మమ్మ.

రామనర్సయ్య కులపెద్ద, వెంకటేశానికి సొంత మేనమామ. అరుగు మీద కూర్చుని చిక్కుపడిన నూలు విడదీస్తున్నాడు. తన దగ్గరకు వచ్చిన మేనల్లుడు చెప్పిందంతా విని, నూలు ఒళ్ళోంచి తీయకుండానే తీర్పు చెప్పాడు.

"నడుమ సముద్రమున్నది. మన భాష గాదు, మన దేశం గాదు. దాన్ని దేశాంతరం అంటరు. దేశాంతరంల పోయినోనికి స్నానం చాలు. తలమీద నీళ్ళు పోస్కో, పోయి కూసో."

వెంకటేశం గుండె తేలికపడింది. లేవబోయాడు. అప్పుడే ఆ దారిన రంగు వేసిన నూలు భుజాన వేసుకుని పక్కింటి ఉప్పలయ్య పోతున్నాడు. ఆగలేదు గానీ నడక తగ్గించాడు. రామనర్సయ్యతోనూ కాదు, వెంకటేశంతోనూ కాదు, భుజం మీది నూలుతో అన్నట్టు అన్నాడు:

"బొంబాయి దగ్గర. రంగం దూరం. మంచిగున్నది కొలత."

రామనర్సయ్య తల ఎత్తలేదు. ఉప్పలయ్య రెండడుగులు వేసి మళ్ళీ నిలబడ్డాడు.

"విమానంల పోతె రంగం ఎంతసేపట్ల వస్తదో ఎరుకేనా? కోదాడల ఏసుపాదం సారు ఉన్నడు. లడాయిల రంగం పోయి విమానమెక్కి వచ్చినోడు. పోయి అడుగున్రి."

ఆ మాట అని ఉప్పలయ్య వెళ్ళిపోయాడు. వెంకటేశం ఇంటికి, ఉప్పలయ్య ఇంటికి మధ్య ఒక్క మట్టిగోడ. ఇటు నాడె కొడితే అటు వినిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా అనుకున్నవాళ్ళు. అయితే రెండేళ్ళుగా మాటల్లేవు. రెండేళ్ళ కింద ఇదే వైశాఖంలో, ఇవే మధుపర్కాలు ఉప్పలయ్య మగ్గం మీద ఉండగా, బొంబాయి మిల్లులో పనిచేసే అతని తమ్ముడు పోయినట్టు తంతి వచ్చింది. అది పరాయి భాష, నడుమ ఏర్లున్నాయి, తాతల నాటి నుంచి బొంబాయిని దేశాంతరమే అంటున్నారు అని ఉప్పలయ్య మొత్తుకున్నాడు. రామనర్సయ్య వినలేదు. పది దినాల్లో కబురు అందని చోటే దేశాంతరం, తంతి రెండు దినాల్లో వచ్చింది, రైలు ఒక్క దినంలో పోతుంది, ఇంక దూరమెక్కడిది అన్నాడు. ఉప్పలయ్య పది దినాలూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మధుపర్కాల నేత వెంకటేశం ఇంటికి వచ్చింది. ఆ రోజు వెంకటేశం తల వంచుకుని నూలు అందుకున్నాడు. ఏమీ అనలేదు. అనవలసింది ఉందని కూడా అప్పుడు తోచలేదు.

"నాకు సందేహముంది మామా," అన్నాడు ఇప్పుడు. "ఒక్కసారి ఎరుకున్నోళ్ళను అడిగొస్త. స్వామి బట్ట గదా."

"సందేహం మగ్గం మీద కూసోదు, మనుషులు కూసోవాలె," అన్నాడు రామనర్సయ్య. "మూడు దినాలు ఇస్త. గంతే."

మర్నాడు పొద్దున్నే వెంకటేశం కోదాడ బస్సు ఎక్కాడు. దారి పొడుగునా అతనికి ఒకటే ఆలోచన. దూరమంటే ఏమిటి? మూరలా, మైళ్ళా, దినాలా? బట్టను మూరతో కొలుస్తాం. ఊరిని పొద్దుతో కొలుస్తాం, పొద్దు పొడవగా బయల్దేరితే పొద్దు గూకేసరికి ఫలానా ఊరు అని. గాలిలో పోయే దారికి ఏ మూర ఉంటుంది? రంగంలో పోయిన మనిషి కోసం దుఃఖపడవలసిన వేళ తను ఇట్లా లెక్కలు వేస్తున్నందుకు సిగ్గేసింది. అయినా ఆలోచన ఆగలేదు.

ఏసుపాదం బడి ముందు చెట్టు నీడలో పిల్లల పలకలు తుడిచి వరసగా పేరుస్తున్నాడు. సన్నటి మనిషి, ఖాకీ చొక్కా. లడాయి రోజుల్లో మిలిటరీ విమానాల మైదానంలో సామాను లెక్కలు రాసే పని చేశాడట. వెంకటేశం నాలుగు గజాల ఇవతలే నిలబడిపోయాడు.

"నేను మైలల ఉన్ననో లేనో తేలలేదు సారూ. జర దూరం కూసుంట. మీకు అంటొద్దు."

ఏసుపాదం చేతిలో పలక అట్లాగే పట్టుకుని అతని వంక చూసి చిన్నగా నవ్వాడు.

"మా నాన్న మీ వాడకు చెప్పులు కుట్టి తెచ్చేవాడండి. మమ్మల్ని దూరంగా నిలబెట్టడానికి అప్పుడు మీవాళ్ళకు ఏ చావుకబురూ అవసరం కాలేదు. రండి, బల్ల మీద కూర్చోండి."

వెంకటేశం వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. ఉత్తరం సంగతి, మగ్గం సంగతి, బొంబాయి సంగతి దాచకుండా చెప్పాడు. ఏసుపాదం ఒక పలక తీసుకుని రెండు చుక్కలు పెట్టాడు.

"ఇది కలకత్తా. ఇది రంగూన్. ఓడలో అయితే నీళ్ళ దారి చూసుకుంటూ దినాల తరబడి పోవాలి. విమానానికి దారితో పని లేదు." సుద్దముక్కతో రెండు చుక్కలనూ తిన్నగా కలిపాడు. "ఆరువందల యాభై మైళ్ళు. నేనెక్కిన విమానం గంటకు నూట అరవై పోయేది. ఇప్పుడు చెప్పండి, ఎంతసేపు?"

వెంకటేశం పడుగు పోగులు లెక్కపెట్టినట్టు వేళ్ళు మడిచాడు. "నాలుగు గంటలు. మీద కొంచెం."

"అంతే."

నాలుగు గంటల్లో వెంకటేశం మామూలు బట్ట మూడు మూరలు నేస్తాడు. మూడు మూరల నేతలో రంగం వచ్చేస్తుంది.

"పైకెల్లి ఏం కనబడ్తది సారూ?"

"మబ్బులు. వాటి కింద సముద్రం. కదులుతున్నట్టు ఉండదండి. దున్ని వదిలేసిన రేగడి మీద ఎండ పడ్డట్టు ఉంటుంది."

"భయం కాలేదా?"

"చెవులు మూసుకుపోయాయి. నా పక్కన ఒక సిపాయి, ఎక్కేటప్పుడు బీడీ చెవిలో పెట్టుకున్నాడు. దిగినాక అదే బీడీ తీసి వెలిగించాడు. ఆ మధ్యలో సముద్రం దాటేశాం."

వెంకటేశం నవ్వాడు. ఉత్తరం అందిన తరవాత వచ్చిన మొదటి నవ్వు.

"మరి బొంబాయో?"

"హైదరాబాదు నుంచి రైల్లో ఒక రాత్రీ ఒక పూటా. విమానంలో అయితే మూడు గంటలు పట్టదు."

"అంటె రైల్ల బొంబాయి కంటె విమానంల కలకత్త నుంచి రంగం దగ్గర."

"లెక్కకు దగ్గరేనండి. మీ అన్న ఎప్పుడన్నా ఎక్కారా విమానం?"

"మా మంగయ్యనా? ఓడల అడుగు అంతస్తుల పోయిండు. పన్నెండేండ్లాయె. మల్ల రాలే."

ఏసుపాదం పలక తుడవలేదు. అట్లాగే వెంకటేశం చేతికి ఇచ్చాడు, కాసేపు చూసుకోమన్నట్టు. పన్నెండేళ్ళు మనిషిని ఎక్కించుకోని విమానం ఆ మనిషి చావుకబురును ఎక్కించుకుంది అనుకున్నాడు వెంకటేశం. పలక మీది గీత జానెడు కూడా లేదు.

వెంకటేశం పోయే ముందు ఏసుపాదం కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచి బల్ల మీద పెట్టాడు, తాగమని అనలేదు. వెంకటేశం కాసేపు చెంబును చూశాడు. అతని గొంతు ఎండి ఉంది. చెంబు ఎత్తి, పైనుంచి పోసుకుని తాగాడు. తాగిన తరవాత, ఇంటికి పోయి దీనికి కూడా స్నానం చేయాలా అని ఒక ఆలోచన వచ్చింది. దానికి జవాబు వెతకలేదు.

కోదాడ నుంచి మిర్యాలగూడకు చేరేసరికి ఆ పొద్దు గడిచింది. అక్కడ ధర్మశాస్త్రం తెలిసిన శాస్త్రులుగారు ఉన్నారు. మర్నాడు ఉదయం ఆయన జపం ముగించుకుని వచ్చేదాకా వెంకటేశం వాకిట్లో కూర్చున్నాడు. ఆయన ముసలివారు, చూపు తక్కువ, మాట నెమ్మది. అంతా విని చాలాసేపు వేళ్ళతో మోకాలు మీద తాళం వేశారు.

"శాస్త్రంలో దేశాంతరానికి కొలత ఒకటి కాదు నాయనా. నడుమ మహానది ఉంటే దేశాంతరమన్నారు. భాష మారితే అన్నారు. ఇన్ని యోజనాలని కొందరన్నారు. పది రాత్రుల్లో కబురు అందని చోటు అని కూడా అన్నారు. ఆ చివరి మాట అన్న మహానుభావుడికి విమానం తెలియదు. మనకు తెలుసు. మొదటి మూడు చూస్తే మీ రంగం దూరం. నాలుగోది చూస్తే పొరుగు."

"మరి ఏది పట్టుకోవాలె అయ్యగారూ?"

"ఊరి ఆచారాన్ని బట్టి. అందుకే అడుగుతున్నాను. మీ వాడలో ఇంతకుముందు ఇట్లాంటిది వచ్చిందా? వస్తే ఏ కొలత వేశారు?"

వెంకటేశం కళ్ళ ముందు మగ్గం కనబడింది. తడిగుడ్డ లేని పడుగు కనబడింది. వచ్చే ఏడు కల్యాణంలో మధుపర్కాలు నేసినవాడిగా తన పేరు పిలవని గుడి వాకిలి కనబడింది.

"రాలేదండి," అన్నాడు.

ఎంత తేలికగా వచ్చిందో ఆ మాట. శాస్త్రులుగారు తల ఊపి, కాగితం తెప్పించుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని రెండు వాక్యాలు రాశారు. మహాసముద్రం నడుమ వ్యవధానంగా ఉన్నందున స్నానమాత్రాన శుద్ధి. కింద సంతకం. ఇసుక చల్లి ఆరబెట్టి, "ఇంక దిగులు లేకుండా స్వామి పని చేసుకో," అని ఇచ్చారు.

మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు ఆ రోజు బస్సు లేదు. వాగు మీది వంతెన మొన్నటి గొడవల్లో పోయింది. వెంకటేశం శాస్త్రులుగారి వీధి అరుగు మీదే ఆ పగలూ రాత్రీ గడిపి, మర్నాడు తెల్లవారగానే వడ్ల బస్తాల బండి ఒకటి దొరికితే ఎక్కాడు. చీటీని పంచె కొంగున ముడివేసుకున్నాడు. ఎడ్లు వాటి ఇష్టప్రకారం నడిచాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సగం దారి కాలేదు.

ఇదే పొద్దుకు విమానం కలకత్తా నుంచి రంగం పోయి దిగేసి ఉండేది. తను మాత్రం మిర్యాలగూడ నుంచి సూర్యాపేట కూడా చేరలేదు. మంగయ్య ఎక్కడ ఉన్నాడో తెలియనంత దూరంలో ఉన్నాడని ఈ పన్నెండేళ్ళూ వాడంతా అనుకుంది. ఏనాడూ ఎవరూ మైళ్ళు అడగలేదు. ఆయన బతికి ఉండగా ఎంత దూరమో తెలుసుకుందామని తనకూ తోచలేదు. పోయిన తరవాత దూరం కావలసి వచ్చింది. ఎంత ఎక్కువుంటే అంత మంచిదని ఊళ్ళు తిరిగాడు.

బండి గుంటలో పడి లేచింది. కొంగున ముడి తొడకు ఒత్తుకుంది. వెంకటేశం దాన్ని సర్దుకుని మళ్ళీ వదిలేశాడు.

"ఏమన్న, పానం బాగలేదా?" అన్నాడు బండివాడు.

"బాగనే ఉన్న. ఒక అబద్ధం ఆడిన."

"గంతేనా," అన్నాడు బండివాడు. "నేను ఇంకేదో అనుకున్న."

పొద్దు గూకే వేళకు వాడలో దిగాడు. ఇంటికి పోలేదు. తిన్నగా రామనర్సయ్య అరుగు దగ్గరకు పోయి, మెట్టు ఎక్కకుండా కింద నిలబడ్డాడు. నలుగురైదుగురు నూలు చుట్టుకుంటూ కూర్చుని ఉన్నారు. ఉప్పలయ్య తన గడపలో కండె చేతిలో పట్టుకుని, ఇటు చూడనట్టు కూర్చున్నాడు.

"ఏమన్నరు?" అన్నాడు రామనర్సయ్య.

"స్నానం చాలన్నరు మామా. చీటీ రాసిచ్చిన్రు."

"నేను గదే చెప్పిన. నా మాట మీద నీకు..."

"గని నేను అబద్ధం చెప్పి రాయించుకున్న. మీ దగ్గర గిట్లాంటిది ముందు జరిగిందా అని అడిగిన్రు. జరగలేదన్న." వెంకటేశం గొంతు పెద్దది కాలేదు. "రెండేండ్ల కింద జరిగింది. పది దినాలల్ల కబురు అందితే దగ్గర అని మనమే చెప్పినం. మంగయ్యన్న కబురు ఆరు దినాలల్ల అందింది. రంగం నాలుగు గంటలు. నేను లెక్కేసుకొచ్చిన. అప్పుడు బొంబాయి దగ్గరైతే, రంగం కూడ దగ్గరనే. నేను పది దినాలు కూసుంట."

అరుగు మీద నూలు చుట్టే చేతులు ఆగాయి. రామనర్సయ్య ఒళ్ళోని చిక్కును అటూ ఇటూ తిప్పాడు.

"మరి స్వామి బట్ట?" అన్నాడు చివరకు.

"పక్కింట్ల మగ్గమున్నది గదా. ముందుగాల గాళ్ళదే."

ఉప్పలయ్య కండె కింద పెట్టి లేచాడు. అందరూ అతను ఏదో గట్టిగా అంటాడనుకున్నారు. వెంకటేశం కూడా దానికే సిద్ధపడి నిలబడ్డాడు.

"జ్వరమేనా?" అన్నాడు ఉప్పలయ్య.

"ఏంది?"

"మంగయ్య. జ్వరంతోనేనా పోయింది?"

"జ్వరమనే రాసిన్రు."

"పోయేటప్పుడు నా దుప్పటి తీస్కపోయిండు. ఓడల సలి పెడ్తదని," అన్నాడు ఉప్పలయ్య. "మల్ల తెచ్చిస్త అన్నడు." తరవాత అరుగు మీదివాళ్ళ వైపు తిరిగాడు. "రేపటి సంది ఎనిమిది దినాలున్నది, మారి మారి రాత్రి పగలు నేస్తె అందుతది. నా మగ్గం మీద పోగు లేదు. రేపు తెల్లారి పడుగు పరవాలె. ఎంతమంది వస్తరు?"

ఎవరూ లెక్క చెప్పలేదు గానీ, మర్నాడు తెల్లవారేసరికి వాడంతా వీధిలో ఉంది. ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ. మధ్య తెల్లటి పడుగు వెంకటేశం ఇంటి ముందు నుంచే సాగింది. ఆడవాళ్ళు పోగులు కలుపుతున్నారు. మగవాళ్ళు గంజి కుంచె పట్టుకుని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వంగి నడుస్తున్నారు. మామూలు రోజయితే ఆ కుంచె వెంకటేశం చేతిలో ఉండేది. గంజి సమంగా పట్టించడంలో అతనికి పేరు. రామనర్సయ్య కూడా వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా తెగిన పోగులు ముడివేస్తూ పోయాడు.

వెంకటేశం గడప లోపల కూర్చున్నాడు. అతనికీ పడుగుకూ మధ్య మూడు మూరలు. ముట్టకూడదు. వెనక ఇంట్లో దేవుడి గూట్లో దీపం లేదు. శాస్త్రులుగారి చీటీని మాత్రం పద్మమ్మ ప్రమిద కింద పెట్టింది, దాన్ని ఏం చేయాలో స్వామే చదువుకుని చెప్తాడని. ఆ గదిలోనే అతని మగ్గం మీద, మూడు వంతులు నేసిన మధుపర్కం మీద, పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయి. ఆ చప్పుడు ఎంత చిన్నదంటే అతనికి మాత్రమే వినిపిస్తోంది.

గంజి కుంచెతో నడుస్తున్న ఉప్పలయ్య గడప ఎదురుగా వచ్చి ఆగాడు. వంగినవాడు వంగినట్టే, తల మాత్రం ఇటు తిప్పాడు.

"ఏం బావా," అన్నాడు. "గంజి పలచగైందా, చిక్కగైందా? ఆడికెల్లి కనబడ్తదా?"

వెంకటేశం మెడ చాచి చూశాడు. కొత్త ఎండలో పోగులు ఒక్కొక్కటీ విడివిడిగా మెరుస్తున్నాయి.

"కనబడ్తది," అన్నాడు. "ఎడమ దిక్కు జర చిక్కగున్నది. నీళ్ళు కలుపు."